కంపుకో విరుగుడు

పెన్సిల్వేనియాలో ఉంటున్న కొడుకింటికి వెళ్ళిన ఓ పెద్దావిడను ఊహించుకోండి. సొంతూరు మహబూబ్‌నగర్ జిల్లాలో ఓ పల్లె. అక్టోబరు చివరి వారం. చీకటి పడుతున్న వేళ. అంతా అన్నానికి కూర్చోబోతున్నారు. అంతలో ఆవిడ ముక్కుకు ఏదో తగిలింది.

“గ్యాసు వాసనొస్తుంది. పొయ్యి బంద్ చేసిన్రా లేదా?” అంది గాభరాగా.

“మనింట్ల గ్యాసే లేదమ్మా. కరెంటు పొయ్యి గదా” కొడుకు నవ్వాడు.

రెండు నిమిషాలయ్యేసరికి ఆ నవ్వు కాస్తా ఆగిపోయింది. కోడలు చున్నీతో ముక్కు మూసుకుంది. పిల్లలు ‘ఛీ ఛీ’ అంటూ మేడమీదికి పరుగు తీశారు. కుళ్ళిన కోడిగుడ్డు, కాలిన రబ్బరు, దంచిన వెల్లుల్లి... అన్నీ కలిపి ఒక్కసారే మొహాన కొట్టినట్టుంది. తలుపు తీసి చూస్తే సంగతి తెలిసింది. పక్కింటి పెద్దమనిషి వాళ్ళ ఇంటి ముందు పచ్చికలో చేతులు ఎడంగా పెట్టి దిష్టిబొమ్మలా నిలబడ్డాడు. పక్కనే ఆయన వేటకుక్క మొహాన్ని గడ్డికేసి రుద్దుకుంటోంది. ‘దగ్గరికి రావద్దు’ అన్నట్టు ఆయన చేయి ఊపాడు.

జరిగిందేమిటంటే, అది అక్కడ ఫెజెంట్ల వేటకాలం. ఫెజెంట్ అంటే మన అడవికోడిని పోలిన పక్షి. లైసెన్సు తీసుకుని, ప్రమాదాలు జరక్కుండా మెరిసే నారింజ రంగు తొడుక్కుని, కుక్కను వెంటబెట్టుకుని వెళతారు. పొద్దువాలాక ఇంటికి తిరిగొస్తుంటే కుక్క ఓ పొదలో మూతి పెట్టింది. అక్కడ ఉన్నది పక్షి కాదు, స్కంక్! నల్లటి ఒళ్ళు, వీపు మీద తెల్లటి చారలు, గుబురు తోక. పిల్లి అంత ఉంటుంది. కానీ దాని తోక లేచిందంటే పెద్ద జంతువులు కూడా దారి మార్చుకుంటాయి. కుక్కకు మొహం నిండా పడింది. దాన్ని వెనక్కి లాగబోయిన యజమానికి కోటు మీద, బూట్ల మీద పడింది.

ఆ కోటు మామూలుది కాదు. వాళ్ళ నాన్నది. ముతక కాన్వాసు కోటు. పన్నెండేళ్ళ వయసులో నాన్న వేలు పట్టుకుని తొలిసారి వేటకు వెళ్ళినప్పుడు ఆయన ఒంటి మీదున్నదీ అదే. ఆ ఇంటి ఇల్లాలు మాత్రం ఓ పెద్ద చెత్తసంచీ తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పడేసింది. కోటును అందులో వేయాలా, వద్దా? అదీ ఆ రాత్రి సమస్య.

పెద్దావిడ ఆ కోటు వంక చూసింది. ఇంటి దగ్గర పెట్టెలో పెట్టి వచ్చిన గొంగడి గుర్తొచ్చింది. “పారెయ్యొద్దని చెప్పు” అంది కొడుకుతో.

ఆవిడ ముక్కు తప్పు చెప్పలేదు

ముందుగా ఒక మాట. గ్యాసు వాసన అని ఆ పెద్దావిడ అనడంలో తప్పేమీ లేదు. నిజానికి వంటగ్యాసుకు సొంత వాసన దాదాపు ఉండదు. లీకయితే మనకు తెలియాలని అందులో ఓ చెడు వాసనను కావాలనే కలుపుతారు. మన బండల్లో కలిపేదాని పేరు ఇథైల్ మెర్కాప్టాన్. గంధకం ఉన్న పదార్థమది. స్కంక్ చిమ్మే ద్రవంలో ఉండేవీ ఆ కుటుంబానికి చెందినవే. రసాయన శాస్త్రంలో వీటిని థయాల్స్ అంటారు. మన ముక్కు వీటిని ఎంత కొంచెం ఉన్నా ఇట్టే పట్టేస్తుంది. అందుకే వాటిని గ్యాసుకు కాపలా పెట్టారు.

ఆ కాపలా వెనక ఓ విషాదం ఉంది. 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం న్యూ లండన్ ఊళ్ళో ఓ బడి పేలిపోయింది. భవనం అడుగున లీకైన గ్యాసు పేరుకుపోయినా, వాసన లేకపోవడంతో ఎవరూ గుర్తించలేదు. పిల్లలు, టీచర్లు కలిపి దాదాపు 300 మంది చనిపోయారు. గ్యాసుకు వాసన కలిపి తీరాలని ఆ తర్వాతే టెక్సస్‌లో చట్టం తెచ్చారు. చెడు వాసన కూడా ఒక్కోసారి ప్రాణం కాపాడుతుందన్నమాట!

కాబట్టి మన ఇళ్ళల్లో అలాంటి వాసన వస్తే ‘ఏదో జంతువులే’ అనుకోకూడదు. స్కంక్‌లు అమెరికా ఖండాల్లో ఉంటాయి, మన దేశంలో లేవు. ఇక్కడ ఆ వాసన వచ్చిందంటే ముందు గ్యాసునే అనుమానించాలి. స్విచ్చులు వేయకుండా, తీయకుండా రెగ్యులేటర్ కట్టేయాలి. తలుపులు, కిటికీలు బార్లా తెరవాలి. బయటికి వచ్చాకే 1906కు ఫోన్ చేయాలి.

అసలెందుకంత మొండితనం?

ఉతికినా పోదు, ఆరేసినా పోదు. జంతువుల వాసనలకు అంత పట్టుదల ఎందుకు?

ఎందుకంటే వాటి పనే అది. జంతువులకు వాసనే ఉత్తరం, వాసనే సరిహద్దు రాయి. ‘ఈ చోటు నాది’, ‘జత కోసం చూస్తున్నా’, ‘దగ్గరికొస్తే నీ పని చెబుతా’ అన్న కబుర్లన్నీ వాసనతోనే చెబుతాయి. మంచుకూ ఎండకూ వెంటనే చెరిగిపోతే ఆ ఉత్తరం చేరాల్సినవాళ్ళకు చేరదు. అందుకే ఆ వాసనల్లో చాలావాటికి నూనె, కొవ్వు తోడుగా ఉంటాయి. నూనె నీళ్ళలో కరగదు. బట్ట పోగుల్లోకి, కుట్ల సందుల్లోకి దూరి కూర్చుంటుంది.

ఈ మొండితనాన్నే మనిషి సుగంధ ద్రవ్యాలకూ వాడుకున్నాడు. తిరుమల శ్రీవారికి శుక్రవారం అభిషేకం తర్వాత పూసే పునుగు తైలం పునుగుపిల్లి నుంచి వచ్చేదే. కస్తూరి మృగం సంగతి సరేసరి. ఒకటి పరిమళం, ఇంకొకటి కంపు. అంటిపెట్టుకుని ఉండే గుణం మాత్రం రెండింటిదీ ఒకటే.

టొమాటో రసం మహిమ

మళ్ళీ పక్కింటికి వద్దాం. ఆయన భార్య ఇంట్లో ఉన్న టొమాటో రసం డబ్బాలన్నీ తెచ్చింది. స్కంక్ కొట్టిన కుక్కకు టొమాటో రసంతో స్నానం చేయించడం అమెరికాలో తరతరాలుగా ఉన్న ఇంటి చిట్కా. కుక్క ఎర్రగా తయారైంది. పావుగంట రుద్దాక “ఇప్పుడు నయం” అన్నాడు పెద్దమనిషి. అప్పుడే కారు దిగి వచ్చిన వాళ్ళబ్బాయి మాత్రం నాలుగడుగులు వేసి వెనక్కి పరిగెత్తాడు!

ఇందులో రహస్యమేమీ లేదు. ఒకే వాసనను ఏకబిగిన పీలిస్తే ముక్కు అలసిపోతుంది. దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. చేపల బజారులో కాసేపు తిరిగాక నీచు తెలియదు చూడండి, అలాగే. టొమాటో రసం సొంత వాసన మాత్రం తెలుస్తూనే ఉంటుంది. దాంతో కంపు పోయిందన్న భ్రమ కలుగుతుంది. నిజానికి అది ఎక్కడిదక్కడే ఉంటుంది.

మన ఇళ్ళల్లోనూ జరిగేది ఇదే. కుక్క పడుకున్న దుప్పటి మీద సెంటు కొడతాం. తడిసిన బూట్లలో పౌడరు చల్లుతాం. కారు సీటు మీద పిల్లి తడిపితే డ్యాష్‌బోర్డు మీద మల్లెల వాసనొచ్చే సీసా పెడతాం. రెండు రోజులకు మల్లెలూ కంపూ కలిసి మూడో రకం వాసన తయారవుతుంది. వాసనను కప్పెట్టడం వేరు, తీసేయడం వేరు.

చింతపండు పెడితే?

“నీచు పోవాలంటే చింతపండు పెట్టి రుద్దాలె” అంది పెద్దావిడ. కోడలు కిచెన్‌లోకి వెళ్ళబోయి ఆగింది. అత్తగారి మాట మీద నమ్మకం లేక కాదు. ఆ కంపుకు ఆ మందు పనిచేస్తుందా అన్నదే అనుమానం.

ఆవిడ చెప్పింది చేపల విషయంలో నూటికి నూరుపాళ్ళూ నిజం. చేప నీచుకు ముఖ్య కారణం అమీన్లు. అవి క్షార గుణం ఉన్నవి. చింతపండు, నిమ్మరసం, వెనిగర్ లాంటి పులుపు తగిలితే అవి ఆవిరి కాని లవణంగా మారిపోతాయి. ఆవిరి కాకపోతే ముక్కుదాకా రావు. మన అమ్మమ్మలు చేప ముక్కలను, చేపలు కడిగిన చేతులను పులుపుతో రుద్దడం వెనకున్న శాస్త్రం ఇదే. పాతబడిన మూత్రం నుంచి వచ్చే ఘాటైన అమోనియా కూడా ఈ జాతిదే. పులుపుకు లొంగుతుంది.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండేది మేకపోతు కంపు. అది కొవ్వు ఆమ్లాల వల్ల వస్తుంది. కాప్రోయిక్, కాప్రిలిక్, కాప్రిక్ అని మూడు ఆమ్లాలున్నాయి. ‘మేక’ అనే అర్థమున్న లాటిన్ మాట నుంచే వాటికా పేర్లు వచ్చాయి! చెమట పట్టిన బనీను, ముక్కిపోయిన నెయ్యి వాసనల్లో కూడా కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. అసలే ఆమ్లం కాబట్టి వీటికి పులుపు పెడితే లాభం లేదు. వంటసోడా కావాలి.

మూడో రకం గంధకం వాసనలు. స్కంక్, కుళ్ళిన గుడ్డు ఈ కోవలోవే. పిల్లి మూత్రానికి ప్రత్యేకంగా ఉండే ఘాటులోనూ గంధకం పాత్ర ఉంది. వీటికి పులుపూ చాలదు, సోడా ఒక్కటీ చాలదు. ఆక్సిజన్‌ను అందించి వాటి రూపాన్నే మార్చేయాలి.

ఇక్కడ చాలామంది చేసే ఓ పొరపాటు ఉంది. ‘సోడా మంచిదే, వెనిగరూ మంచిదే, రెండూ కలిపితే ఇంకా మంచిది’ అనుకుంటారు. కలపగానే బుసబుసమని నురగ వస్తుంది. చూడ్డానికి ఏదో గొప్ప పని జరుగుతున్నట్టే ఉంటుంది. నిజానికి ఆ రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. మిగిలేది నీళ్ళు, కాస్త ఉప్పులాంటి పదార్థం. కంపు జోలికి వెళ్ళేవాళ్ళే ఉండరు!

1993 నాటి విరుగుడు

స్కంక్ కంపుకు అసలైన మందు దొరికింది కూడా తమాషాగానే. ఇల్లినాయ్ రాష్ట్రంలో మోలెక్స్ అనే కంపెనీలో పాల్ క్రెబామ్ అని ఓ రసాయన శాస్త్రవేత్త ఉండేవారు. ఆయన ప్రయోగాల్లో కుళ్ళిన గుడ్డు వాసనొచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు వెలువడేది. దాని బాధ తప్పించుకోవడానికి ఆయన క్షారం కలిపిన హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడేవారు. ఓసారి తోటి ఉద్యోగి పిల్లిని స్కంక్ కొట్టింది. రెండు కంపులూ దగ్గరి బంధువులే కదా అనుకుని, క్రెబామ్ అదే కిటుకును పిల్లికి తగ్గట్టు తేలిక చేసి చెప్పారు. పనిచేసింది! 1993లో ‘కెమికల్ అండ్ ఇంజినీరింగ్ న్యూస్’ పత్రికలో ఆ సంగతి అచ్చయ్యాక అమెరికా అంతా పాకిపోయింది.

మందు చాలా చవక. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ లీటరుకు కాస్త తక్కువ, వంటసోడా పావు కప్పు, గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు ఒకటి రెండు చెంచాలు. అంతే. సబ్బు నూనెను విడదీస్తుంది. సోడా పెరాక్సైడ్‌కు బలమిస్తుంది. పెరాక్సైడ్ నుంచి వచ్చే ఆక్సిజన్ ఆ గంధకం పదార్థాలను వాసన లేనివాటిగా మార్చేస్తుంది.

దీన్ని ఎవరైనా సీసాల్లో పోసి అమ్మరా అంటే, వీల్లేదు. కలిపిన క్షణం నుంచీ వాయువు వస్తూనే ఉంటుంది. మూత బిగిస్తే సీసా పగిలిపోతుంది. వెడల్పాటి ప్లాస్టిక్ బకెట్లో అప్పటికప్పుడు కలుపుకోవాలి, వెంటనే వాడేయాలి, మిగిలింది పారబోయాలి. చేతులకు గ్లవ్స్ ఉండాలి. కుక్క కళ్ళల్లో, నోట్లో పడకూడదు. ఐదు నిమిషాలుంచి నీళ్ళతో బాగా కడగాలి. వెంట్రుకల రంగు కాస్త వెలిసే అవకాశం ఉంది.

మన మందుల షాపుల్లో దొరికే పెరాక్సైడ్ చాలావరకు 6 శాతం ఉంటుంది. సీసా మీద ఎంతుందో చూసి, 6 శాతమైతే సమానంగా నీళ్ళు కలిపాకే వాడాలి. అంతకన్నా ఘాటైనవి చర్మాన్ని కాలుస్తాయి.

వానొస్తే మళ్ళీ కంపు!

ఆ రాత్రి కుక్క గండం గట్టెక్కింది. ఇక కోటు. కోటును ఇంట్లోకి తేకుండా పెరట్లోనే ఓ బకెట్లో వేశారు. లోపలివైపు కనపడని మూల ఒకచోట మందు రాసి, రంగు మరీ పోవడం లేదని చూశాకే మిగతాదంతా తడిపారు. పదినిమిషాల తర్వాత పిండి, సబ్బునీళ్ళతో ఉతికి, ఆరుబయట దండెం మీద వేశారు. రెండోరోజుకు కంపు లేదు. అందరూ సంబరపడ్డారు. మూడోరోజు చినుకులు పడ్డాయి. కోటు మళ్ళీ కంపు కొట్టింది!

ఇదేదో దయ్యం కాదు. అమెరికాలోని హంబోల్ట్ స్టేట్ యూనివర్సిటీలో పనిచేసిన విలియం వుడ్ అనే రసాయన శాస్త్రవేత్త 1990లో ఈ ముడి విప్పారు. స్కంక్ ద్రవంలో థయాల్స్‌తో పాటు థయో ఎసిటేట్లు అనేవీ ఉంటాయి. వాటికి అప్పటికప్పుడు అంత కంపు ఉండదు. కానీ తడి తగిలితే నెమ్మదిగా థయాల్స్‌గా మారతాయి. అంటే కంపును కొంత దాచిపెట్టి తర్వాత వడ్డిస్తాయన్నమాట! అందుకే స్కంక్ కొట్టిన కుక్క తడిసినప్పుడల్లా మళ్ళీ కాస్త వాసనేస్తుంది. ఒక్క ఉతుకుతో నిరాశపడకూడదు. రెండోసారి, మూడోసారి కూడా చేయాల్సిందే.

సంచికి చన్నీళ్ళు, బూట్లకు న్యూస్‌పేపరు

వేటకు వెళ్ళొచ్చినవాళ్ళ సామానులో స్కంక్ కన్నా రోజూ ఎదురయ్యే వాసనలు వేరే ఉంటాయి. పక్షుల్ని వేసుకొచ్చే సంచిలో నెత్తురు, కొవ్వు. తడి కుక్క పడుకున్న కారు డిక్కీ. చెమట ఇంకిన బూట్లు. పైగా వేటగాళ్ళకు ఇంకో చిక్కుంది. జింకలకు ముక్కు చాలా చురుకు. మల్లెల వాసనొచ్చే సబ్బుతో ఉతికిన చొక్కా వేసుకుని వెళితే అవి ఆమడ దూరం నుంచే ఉడాయిస్తాయి. అందుకే వాళ్ళు వాసన లేని సబ్బుతో ఉతికి, బట్టల్ని మూతపెట్టిన డబ్బాల్లో దాచుకుంటారు. వాసనను కప్పేయడం వాళ్ళకు అసలే కుదరదు. తీసేయాల్సిందే.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. కానీ ఆ కిటుకులు మన చేపలసంచికి, మాంసం తెచ్చే బుట్టకు, పెంపుడు కుక్క పరుపుకు, వానకోటుకు చక్కగా పనికొస్తాయి.

నెత్తురు, నీచు అంటిన గుడ్డను వేణ్ణీళ్ళలో వేయకూడదు. వేడికి గుడ్డు ఎలా గట్టిపడుతుందో నెత్తురులోని మాంసకృత్తులూ అలాగే గట్టిపడి పోగుల్ని పట్టుకుంటాయి. ముందు చన్నీళ్ళలో జాడించాలి. తర్వాత ఎంజైములున్న డిటర్జెంటు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో అరగంట, గంట నానబెట్టాలి. ఎంజైములు మాంసకృత్తుల్ని, కొవ్వుల్ని ముక్కలు చేస్తాయి. వాటికి కాస్త సమయం ఇవ్వాలి. ఆ నీళ్ళలో బ్లీచింగు కలిపితే ఎంజైములే చచ్చిపోతాయి.

ఉన్ని, పట్టు బట్టలకు మాత్రం ఈ డిటర్జెంట్లు వద్దు. అవీ మాంసకృత్తులే కాబట్టి ఎంజైములు మరకతో పాటు బట్టనూ తింటాయి. పెరాక్సైడ్ సోడా మందు కూడా వాటికి పడదు. కుంకుడు రసం, చన్నీళ్ళు మేలు.

తోలు బూట్లను నానబెట్టకూడదు, పొయ్యి దగ్గర పెట్టకూడదు. తోలు బిరుసెక్కి పగులుతుంది. లోపలి అట్టలు బయటికి తీసి విడిగా ఆరేయాలి. బూట్లలో న్యూస్‌పేపరు ఉండలు కుక్కి, తడి పీల్చుకున్నప్పుడల్లా మార్చాలి. ఈ సంచికను చదవడం పూర్తయ్యాక అందుకూ వాడుకోవచ్చు! ఆరాక రాత్రి చెంచాడు వంటసోడా చల్లి పొద్దున్నే దులిపేయాలి. బూట్ల కంపుకు మూలం తడిలో పెరిగే సూక్ష్మజీవులు. తడి లేకపోతే వాటి ఆట సాగదు. తడిసిన కుక్క వాసనకూ కారణం దాని వెంట్రుకల్లో ఉండే సూక్ష్మజీవులే. స్నానం ఎంత ముఖ్యమో, తర్వాత పొడిగా తుడవడమూ అంతే ముఖ్యం.

నీళ్ళు దిగని వానకోటుకు ఫ్యాబ్రిక్ సాఫ్టెనర్ వాడకూడదు. అది గుడ్డ మీద పొరలా పేరుకుని కోటు పనితనాన్ని దెబ్బతీస్తుంది. లోపలి చీటీ మీద ఎలా ఉతకాలో రాసి ఉంటుంది. అది చూడాలి.

పరుపు మీదో సోఫా మీదో కుక్క, పిల్లి మూత్రం పోస్తే రుద్దకూడదు, అద్దాలి. రుద్దితే ఇంకా లోపలికి దిగుతుంది. పాత గుడ్డతో అద్ది, చన్నీళ్ళు చల్లి మళ్ళీ అద్ది, ఆపైన సగం నీళ్ళు కలిపిన వెనిగర్ రాయాలి. పూర్తిగా ఆరాక కూడా వాసన ఉంటే ఎంజైము మందు వాడాలి. వాసన మిగిలితే అదే చోట మళ్ళీ పోస్తుంది. దానికి అది ఉత్తరం కదా! ‘ఎన్నిసార్లు కొట్టినా మానడం లేదు, ఎవరికైనా ఇచ్చేద్దాం’ అని ఇళ్ళల్లో అనుకోవడం వింటూనే ఉంటాం. చాలాసార్లు తప్పు కుక్కది కాదు. సరిగా తీయని వాసనది.

ఇవి మాత్రం కలపొద్దు

కంపు మీద కోపంతో ఇంట్లో ఉన్న సీసాలన్నీ ఒకే బకెట్లో పోసేవాళ్ళుంటారు. ఇది చాలా ప్రమాదం. బ్లీచింగు ద్రావణాన్ని అమోనియాతో కలిపితే విషవాయువులు వస్తాయి. మూత్రం పోసిన చోట బ్లీచింగు పోయకూడదన్నది అందుకే. బ్లీచింగుకు వెనిగర్ గానీ, యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనర్ గానీ తగిలితే క్లోరిన్ వాయువు వస్తుంది. పెరాక్సైడ్‌లో వెనిగర్ కలిపితే కళ్ళనూ ఊపిరితిత్తులనూ మండించే ఆమ్లం తయారవుతుంది. ఒకసారికి ఒకే మందు. అది పనిచేయకపోతే నీళ్ళతో శుభ్రంగా కడిగి, ఆరాకే ఇంకొకటి. గాలి ఆడని స్నానాల గదిలో కన్నా ఆరుబయట చేసుకోవడం మేలు.

మరి ఏ కంపుకు ఏ మందో గుర్తుండేదెలా? చేప నీచుకూ మూత్రం ఘాటుకూ పులుపు. చెమటకూ మేక కంపుకూ సోడా. గంధకం కంపుకు పెరాక్సైడ్ మందు. నెత్తురుకు చన్నీళ్ళు, ఎంజైములు. ముక్కిన వాసనకు ఎండా గాలీ. అన్నిటికన్నా ముందు, ఆలస్యం చేయకపోవడం. తాజాగా ఉన్నప్పుడు అరగంటలో పోయేది, ఆరిపోయాక వారం తినేస్తుంది.

దండెం మీద కోటు

కోటుకు ఆ తర్వాత మరో రెండుసార్లు స్నానమైంది. పదిహేను రోజులకు మళ్ళీ వాన పడింది. పెద్దమనిషి దండెం దగ్గరికెళ్ళి తడిసిన కోటును మొహానికి దగ్గరగా పెట్టుకుని గట్టిగా పీల్చాడు. కంపు లేదు. రంగు మాత్రం కాస్త వెలిసింది. చెత్తసంచీని మడిచి భార్యకు ఇచ్చేశాడు. కోటును తీసుకెళ్ళి గ్యారేజీలో పాత మేకుకే తగిలించాడు.

కిటికీలోంచి ఇదంతా చూస్తున్న పెద్దావిడ ఆ రాత్రే ఊళ్ళో ఉన్న కూతురికి ఫోన్ చేసింది.

“పెట్టెల మీ నాయిన గొంగడి ఉన్నది గదా, తీసి గాలికి ఆరెయ్యి బిడ్డా. నీళ్ళల్ల ముంచకు. సెంటు గింటు కొట్టకు.”

“గొర్రె వాసన పోవాలంటే ఉతకాలె గదనే?”

“కొద్దిగ ఉండనియ్యి” అంది పెద్దావిడ. “మీ నాయిన వాసన గూడ అండ్లనే ఉన్నది.”